ఆల్జినేట్ గుళికలు కడిగాక ఉబ్బిపోతున్నాయి, ఏం చేయాలి?

లావణ్య (చినవాల్తేరు): ఎలుకల్లో పెట్టడానికి, ఇన్సులిన్ తయారుచేసే మిన్6 కణాలను (ఎలుక క్లోమం నుంచి వచ్చిన రకం) నాచు నుంచి తీసే జిగురు, అంటే 2 శాతం సోడియం ఆల్జినేట్‌లో కలిపి, 100 మిల్లీమోలార్ (గాఢత కొలత) కాల్షియం క్లోరైడ్‌లో చుక్కలుగా వేస్తున్నాం. గుళికలు గట్టిగానే వస్తున్నాయి. పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిసిన ఉప్పునీటి ద్రావణం)తో రెండుసార్లు కడిగి పాలీ-ఎల్-లైసిన్ (ధనావేశం ఉన్న పాలిమర్) పూత వేస్తే, మర్నాటికి ఉబ్బి పగులుతున్నాయి. కొన్నిటికి తోకలు కూడా. ఆల్జినేట్ మార్చాలా?

ప్రసాద్ (మద్దిలపాలెం): ఆల్జినేట్ జోలికి వెళ్లకండి, ముందు పీబీఎస్ మానెయ్యండి. అందులోని ఫాస్ఫేట్ కాల్షియాన్ని లాగేసుకుంటుంది, ఆ చోట్లోకి సోడియం చేరుతుంది, గొలుసుల మధ్య ముడులు వదులైపోతాయి. 0.9 శాతం సోడియం క్లోరైడ్, 10 మిల్లీమోలార్ హెపెస్ (పీహెచ్ నిలకడగా ఉంచే బఫర్), 2 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ కలిపి, పీహెచ్ 7.4కు తెచ్చి దాంతో కడగండి. తర్వాత 0.05 శాతం పాలీ-ఎల్-లైసిన్‌లో 5 నుంచి 10 నిమిషాలు ఉంచి, మళ్లీ కడిగి, 0.1 శాతం ఆల్జినేట్‌లో 5 నిమిషాలు. ఈ చివరి పూత దయచేసి ఎగ్గొట్టొద్దు. లైసిన్ ధనావేశం బయటికి తేలి ఉంటే, ఎలుక పొట్టలో పెట్టాక గుళిక చుట్టూ రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లు మూగి పీచు కణజాలం కట్టేస్తుంది. ఆక్సిజన్ అందక లోపలి కణాలు చచ్చిపోతాయి.

ఇంకోటి. మన విశాఖ గాలికి అన్‌హైడ్రస్ (నీరు లేని) కాల్షియం క్లోరైడ్ మూత తీస్తే చాలు, చెమ్మ పట్టేస్తుంది. తూకం సరిపోయినట్టే ఉంటుంది గానీ అందులో కొంత నీళ్లే. మీ 100 మిల్లీమోలార్ ద్రావణానికి లీటరుకు అన్‌హైడ్రస్ అయితే 11.1 గ్రాములు, డైహైడ్రేట్ (నీటి అణువులు కలిసిన రకం) అయితే 14.7. సీసా మీద ఏది రాసుందో చూసుకోండి.

సుధ (పెందుర్తి): తోకలంటే చుక్క గుండ్రబడేలోపే ద్రవంలో పడిపోతోందన్నమాట. సూదిని ఒక్కో సెంటీమీటరు పైకి జరుపుతూ చూడండి. మరీ ఎత్తయితే అప్పడంలా చదునవుతుంది. ఆల్జినేట్‌ను ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో శుద్ధి చేసే పాత్ర) పెడుతున్నారా? గొలుసులు తెగి పలచబడుతుంది. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తోనే శుద్ధి చేయండి.

లావణ్య: ఫిల్టరే వాడుతున్నామండి. కాల్షియం బదులు బేరియం పెడితే?

ప్రసాద్: ముడి గట్టిగా పడుతుంది, 10 నుంచి 20 మిల్లీమోలార్ చాలు. మిగిలిపోయిన బేరియం కణాలకు విషం కాబట్టి బాగా కడగాలి. కణాలు పెంచే మీడియంలోని సల్ఫేట్‌తో కలిస్తే తెల్లటి మడ్డి దిగుతుంది, దాన్ని చూసి కంటామినేషన్ (సూక్ష్మజీవులు చేరాయని) అనుకోకండి.

కిరణ్ (గాజువాక): మన తీరంలో దొరికే సర్గాసం నాచు నుంచి ఆల్జినేట్ మనమే తీసుకోవచ్చా?

సుధ: ఉత్త గుళికలు చేయడం నేర్చుకోవడానికి భేషుగ్గా పనికొస్తుంది. కణాలకు మాత్రం వద్దు. పాలీఫినాల్స్, ప్రొటీన్లు, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం) మిగిలే ఉంటాయి. వాటివల్ల వాపు వస్తే నింద మీ పొర మీద పడుతుంది. జంతువుల్లో పెట్టే గుళికలకు ఎండోటాక్సిన్ కొలతతో అమ్మే అల్ట్రాప్యూర్ రకమే కొనండి.