విషయం: పళ్ళకూ, రక్తపరీక్షలకూ హైదరాబాద్ వెళ్ళేదాకా ఆగవచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. కూకట్‌పల్లి నుంచి గత నెలే డాలస్ వచ్చాను. కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఏ ప్లాన్ కావాలో ఈ వారమే చెప్పాలి. డెంటల్ మానేసి, పరీక్షలన్నీ సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు చేయించుకుంటే నాలుగు డబ్బులు మిగులుతాయని మిత్రులు అంటున్నారు. పెద్దలు సలహా ఇవ్వగలరు.

జవాబు: తమ్ముడికి నమస్కారం. చాలా ఏళ్ళు అక్కడ ఉద్యోగం చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో స్థిరపడినవాడిగా చెబుతున్నాను, ఆ డబ్బు మిగిలేది కాదు.

2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం ప్రకారం, బీపీ, కొలెస్ట్రాల్, వయసునూ బరువునూ బట్టి షుగర్ వంటి నివారణ పరీక్షలకు నెట్‌వర్క్‌లోని (అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న) డాక్టరు దగ్గర దాదాపు ఏ కంపెనీ ప్లానూ మీ నుంచి పైసా వసూలు చేయకూడదు. వాటి ఖర్చు మీరు కట్టే ప్రీమియంలోనే ఉంది కనుక, వాడుకోకుండా వదిలేసి ఇక్కడికొచ్చి మళ్ళీ కట్టడం రెండుసార్లు ఖర్చు పెట్టడమే. అయితే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఏటా చేయించుకునే ప్రివెంటివ్ చెకప్ అని స్పష్టంగా చెప్పండి. ఆ గదిలోనే మోకాలి నొప్పి కూడా చూడమంటే దానికి వేరే బిల్లు రావచ్చు.

పళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. చాలా డెంటల్ ప్లాన్లు ఏడాదికి రెండు క్లీనింగులు భరిస్తాయి కానీ, మొత్తం చెల్లింపును తరచు వెయ్యి, రెండు వేల డాలర్ల మధ్యే ఆపేస్తాయి. చిన్న పుచ్చును ఫిల్లింగ్‌తో ఆపితే సరిపోతుంది. సంక్రాంతిదాకా ఆపుకుంటే అది రూట్ కెనాల్, క్యాప్ దాకా వెళ్ళవచ్చు, ఇక్కడ చవకే అయినా రెండు మూడు సిట్టింగులు, క్యాప్ తయారయ్యే రోజులు కలిపితే మీ సెలవంతా క్లినిక్ చుట్టూ తిరగడానికే సరిపోతుంది. డెంటల్ తీసుకోండి.

నాకు అన్నిటికన్నా దిగులు కలిగించేది షుగర్. మన కంచంలో సగానికి పైగా అన్నమే ఉంటుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం మించవద్దంటున్నాయి. రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలో 5.7 నుంచి 6.4 శాతం దాకా వస్తే షుగర్ వ్యాధి అంచున ఉన్నట్టు. ఆ దశలోనివారు ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకుంటే వ్యాధిగా మారే అవకాశం 58 శాతం తగ్గిందని 2002లో వెలువడిన అమెరికా అధ్యయనం తేల్చింది. మందులకూ, పరీక్షలకూ నెలకు వంద డాలర్లే అనుకున్నా ఇరవై ఏళ్ళకు 24,000 అవుతుంది. రేపు తిరిగొచ్చి ఇక్కడ పాలసీ తీసుకున్నా, ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ళదాకా వెయిటింగ్ పీరియడ్ (ఆ ఖర్చు చెల్లించని గడువు) పెట్టే హక్కు కంపెనీలకు ఉంది.

డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ చెల్లించడం మొదలుపెట్టే ముందు ఏటా మనం పెట్టుకోవలసిన సొమ్ము) ఎక్కువగా ఉన్న ప్లాన్ ఎంచుకుంటే, దానికి హెచ్‌ఎస్‌ఏ, అంటే వైద్య ఖర్చుల కోసం దాచుకునే పొదుపు ఖాతా తెరిచే అర్హత ఉందో లేదో అడగండి. 2026లో తమ ఒక్కరికే ప్లాన్ తీసుకున్నవారు 4,400 డాలర్లదాకా పన్ను లేకుండా వేసుకోవచ్చు. ఏడాది చివర మురిగిపోదు, ఉద్యోగం మారినా మీదే. కానీ చేతిలో డిడక్టిబుల్‌కు సరిపడా సొమ్ము లేకపోతే మొదటి ఏడాది ఆ ప్లాన్ జోలికి వెళ్ళవద్దని నా గట్టి అభిప్రాయం.

హైదరాబాద్‌లో పాత రిపోర్టులు ఉంటే ఇంట్లోవారిని ఫొటోలు తీసి పంపమనండి. కొత్త డాక్టరు మొదట అడిగేది అవే.