ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో: కిలోమీటర్లకీ టికెట్ మీది గంటలకీ పొంతన కుదరట్లేదు

ప్రశ్న:
జనవరిలో మా నాన్నగారు ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఒక్కరే వస్తున్నారు, డైరెక్ట్ ఫ్లైట్. దూరం చూస్తే సుమారు 12,400 కిలోమీటర్లు. విమానం గంటకు 900 పోతుందంటారు కదా, ఆ లెక్కన పద్నాలుగు గంటల లోపే రావాలి. టికెట్‌లో పదహారని ఉంది. పైగా తెల్లవారుజామున 4కి బయల్దేరి అదే రోజు పొద్దున 6.30కి దిగుతారట! "రెండున్నర గంటల్లో అమెరికానా?" అని ఆయన ఒకటే నవ్వు. ఏ లెక్క నమ్మాలి? భూమి తిరగడం వల్లేమైనా తేడా వస్తుందా?

జవాబు 1:
గడియారం సంగతి తేలిక. జనవరిలో ఢిల్లీ 13.30 గంటలు ముందుంటుంది. 4కి పదహారు కలిపితే మన రాత్రి 8, అందులోంచి పదమూడున్నర తీసేస్తే వాళ్ల ఉదయం 6.30. మార్చి రెండో ఆదివారం నుంచి తేడా 12.30 అవుతుంది.

జవాబు 2:
నేను కొన్నేళ్లు డిస్పాచ్‌లో చేశాను, విమానాలకు రూట్లు వేయడమే పని. భూమి తిరగడాన్ని పక్కన పెట్టండి, దాంతోపాటు గాలీ తిరుగుతుంది.

ఆ 12,400 అనేది గ్లోబు మీద దారం బిగించి లాగితే వచ్చే దూరం. హిమాలయాలు దాటి, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ సముద్రం తాకి, అలాస్కా వైపు నుంచి దిగుతుంది. అచ్చంగా ఆ గీత మీదే ఎవరూ నడపరు. మేం ముందు చూసేది గాలిని. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ వీస్తుంది, చలికాలంలో మరీ జోరుగా. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఇదే రూట్లో, గాలికి ఎదురుగా పడమరకి పోయే అట్లాంటిక్ దారి మానేసి, గాలితోపాటే తూర్పుగా పసిఫిక్ మీదుగా వెళ్లింది. 13,900 కిలోమీటర్లు కాస్తా 15,300 అయ్యాయి, అయినా పద్నాలుగున్నర గంటల్లో దిగింది! వెనక గాలి అంటే అదీ. కిలోమీటర్లు చూసి గంటలు చెప్పేవాళ్లని అందుకే నేను నమ్మను.

మూసిన గగనతలం ఇంకో తలనొప్పి. 2022లో రష్యా దారి మూసుకున్నాక ఫిన్లాండ్ విమాన సంస్థ ఫిన్‌ఎయిర్‌కి హెల్సింకి - టోక్యో తొమ్మిదిన్నర నుంచి పదమూడు గంటలకి పెరిగింది.

ఇక టికెట్ మీది పదహారు గాల్లో ఉండే సమయం కాదు. గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే ముందు లైను, కాస్త ముందుజాగ్రత్త, అన్నీ అందులోనే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. ఏ దారిన వస్తున్నారో ముందే తెలుస్తుందా?

జవాబు 2:
ఆ రోజు గాలి అంచనాలు చూసి, బయల్దేరడానికి కొన్ని గంటల ముందే ఖరారు చేస్తారు. ఫ్లైట్ ట్రాకర్ యాప్‌లో విమానం జపాన్ దాటి కనిపిస్తే పసిఫిక్ దారే. ముందే దిగేసినా హడావుడి పడకండి, ఇమ్మిగ్రేషన్, లగేజీ అయ్యేసరికి గంట ఎటూ పడుతుంది. నాన్నగారికి మీ నంబరు కాగితం మీద రాసివ్వండి, ఫోన్ చార్జింగ్ అయిపోతే ఇబ్బంది.