రోమ్‌లో ఒక్క రోజు, ఇద్దరికి 80 యూరోలు: ఎలా తిరగాలి, ఏం తినాలి?

వలసపిట్ట
జర్మనీలో చదువుకుంటున్నాను. అక్టోబరులో అమ్మ గుంటూరు నుంచి వస్తోంది. ఎన్నాళ్లుగానో ఆవిడకు రోమ్ చూడాలని కోరిక. స్టేషన్ దగ్గర బసకు డబ్బు ముందే కట్టేశాను. తిరగడానికి, చూడడానికి, తినడానికి ఇద్దరికీ కలిపి 80 యూరోలు పెట్టుకోగలను. చేతిలో ఉన్నది ఒక్క బుధవారం. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. మెట్లెక్కితే మోకాళ్లు నొప్పి. పొద్దున్నే వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి, మధ్యాహ్నం పాంథియన్ అనే పాత రోమన్ గుడి, సాయంత్రం కొలోసియం లోపల చూడడం అనుకుంటున్నాను. వెళ్లివచ్చినవాళ్లు సలహా చెప్పండి.

టైబర్‌గట్టు
నేను ఉండేది రోమ్‌లోనే. బుధవారమైతే ఈ వరుస పనికిరాదండీ. పోప్ ఊళ్లో ఉంటే బుధవారం ఉదయం సెయింట్ పీటర్స్ ముందున్న చౌకులో జనానికి దర్శనమిస్తారు. సభ ముగిసి జనం కదిలేదాకా సందర్శకులను చర్చిలోకి వదలరు. అందుకని తిరగేయండి. పొద్దున కొలోసియం వైపు, మధ్యాహ్నం పాంథియన్ చుట్టుపక్కల, నాలుగు దాటాక సెయింట్ పీటర్స్. చర్చిలోకి ప్రవేశం ఉచితం. గుమ్మటం ఎక్కడానికి మాత్రం టికెట్ ఉంది. లిఫ్టు ఎక్కినా ఆ పైన వందల మెట్లు మిగులుతాయి కాబట్టి అమ్మగారికి అది వద్దు.

బస్సు, మెట్రో టికెట్ ఒకటే: 1.50 యూరోలు, 100 నిమిషాలు చెల్లుతుంది. ఆ సమయంలో బస్సులు ఎన్నయినా మారవచ్చు, మెట్రో ఒక్కసారే. గుమ్మం మీద ‘టి’ అక్షరం ఉన్న పొగాకు కొట్లలో అమ్ముతారు. కాగితం టికెట్‌ను బస్సెక్కగానే లోపలి యంత్రంలో పెట్టి ముద్ర వేయించాలి. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా తప్పదు. స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64వ నంబరు బస్సు జేబుదొంగలకు పేరుమోసింది. సంచీ ముందుకు తగిలించుకోండి.

మేడిచెట్టు
కొలోసియం టికెట్ 18 యూరోలు. ఇద్దరికి 36, అంటే మీ డబ్బులో సగానికి దగ్గర. 25 ఏళ్ల లోపువారికి 2 యూరోల టికెట్ ఉందని చదివి ఉంటారు, అది యూరోపియన్ యూనియన్ పౌరులకే. అక్కడ చదువుకుంటున్నంత మాత్రాన ఇవ్వరు. నా మాట వింటే బయటి నుంచి చూడండి. చుట్టూ తిరిగితే ఆ కమానుల వరుసలు, భూకంపాల్లో కూలిన పక్క, కూలని పక్క అన్నీ కనిపిస్తాయి. అక్కడి నుంచి ఫోరం (పాత రోమన్ల నడిఊరి శిథిలాలు) పక్కనే ఉన్న వెడల్పాటి రోడ్డు మీద నడిచి కాంపిడోలియో గుట్టకు వెళ్లండి. పైకి వెళ్లే దారి మైకెలాంజెలో గీసిచ్చిన వాలు దారి, మెట్లు ఉన్నా చాలా తక్కువ ఎత్తు. చౌకు దాటి భవనం వెనక్కి వెళ్తే ఫోరం మొత్తం కాళ్ల కింద పరుచుకుని ఉంటుంది, పైసా ఖర్చు లేదు.

కోటగుమ్మం
నేను ఒప్పుకోను. అమ్మగారు మళ్లీ ఎప్పుడు వస్తారు? ఆ 18 యూరోల్లోనే ఫోరం, పాలటైన్ గుట్ట కూడా కలిసి ఉన్నాయి. క్రీ.శ. 80లో ప్రారంభమైన కట్టడం లోపల నిలబడి, నేల కింద జంతువులను, ఖైదీలను ఉంచిన గదుల వరుసలను పైనుంచి చూడడం వేరు, బయట ఫొటో దిగడం వేరు. ఆ గదులను చూశాకే, మనుషులను, జంతువులను పోట్లాడించిన ఆ ఆటల క్రూరత్వం నాకు అర్థమైంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు లిఫ్టు ఉంది. తిండిలో తగ్గించుకుని దీనికి పెట్టండి. టికెట్ అధికారిక వెబ్‌సైటులోనే, పేర్లతో, ముందుగా కొనుక్కోవాలి. వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి.

పెసరట్టు
తిండి సంగతి నేను చెబుతాను. మా అత్తగారిని తీసుకువెళ్లినప్పుడు ప్రతి పూటా అడిగి తెలుసుకున్నవి ఇవి.

పొద్దున అక్కడివాళ్లు కార్నెట్టో అనే మెత్తటి రొట్టె తింటారు. అందులో సాధారణంగా గుడ్డు ఉంటుంది. దాని బదులు బేకరీలో పిజ్జా బియాంకా అడగండి. ఆలివ్ నూనె, ఉప్పు వేసి కాల్చిన రొట్టె, వేడిగా ఉంటే బాగుంటుంది. కాఫీ మాత్రం కౌంటరు దగ్గర నిలబడే తాగాలి. ఒకటి, ఒకటిన్నర యూరోల్లో అయిపోతుంది. అదే కాఫీ పేరున్న చౌకుల్లో బల్ల దగ్గర కూర్చుని తాగితే కొన్ని రెట్లు పడుతుంది. చాలాచోట్ల ముందు గల్లాలో డబ్బు కట్టి, రసీదు చూపించాలి.

మధ్యాహ్నానికి ముక్కల పిజ్జా. పెద్ద పళ్లెం నుంచి మీరు చూపించినంత కత్తెరతో కోసి, తూచి ఇస్తారు. పలకమీద రాసిన ధర కొన్నిచోట్ల కిలోకు, కొన్నిచోట్ల వంద గ్రాములకు ఉంటుంది, చూసుకోండి. బంగాళాదుంప, వంకాయ, గుమ్మడికాయ జాతి కూరలు వేసినవి దొరుకుతాయి. ఇద్దరికీ 12 యూరోలు చాలు. సుప్లీ అనే వేయించిన అన్నం ఉండల్లో మాంసం కలపడం పాత అలవాటు, అడగకుండా తీసుకోవద్దు.

ఒక్క విషయం అమ్మగారికి ముందే చెప్పండి. పార్మిజానో, పెకోరినో జున్నుల్లో పాలు విరగడానికి దూడ, గొర్రెపిల్లల కడుపు నుంచి తీసిన పదార్థం వేస్తారు. అది పట్టించుకునేవారైతే మరినారా పిజ్జా మేలు: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, జున్ను అసలు ఉండదు. పాస్తాల్లో పెన్నె అరాబియాతా రోమ్ వంటకమే, టమాటా, వెల్లుల్లి, ఎండుమిరప. గుంటూరు నాలుకకు అదే నచ్చుతుంది. జున్ను చల్లవద్దని చెప్పాలి. ఎండు పాస్తాలో సాధారణంగా గుడ్డు ఉండదు. తాజాగా చేసే ఫెట్టుచీనే, టాల్యాటెల్లేల్లో ఉంటుంది. కార్బొనారా, అమాత్రిచానా అనే పాస్తాలు రెండింటిలోనూ పంది మాంసం ఉంటుంది.

మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఏడున్నర దాకా చాలా హోటళ్ల పొయ్యి వెలగదు. రాత్రి భోజనానికి విశ్వవిద్యాలయం పక్కనున్న సాన్ లోరెంజో పేటకు వెళ్లండి. విద్యార్థుల పేట కాబట్టి ధరలు తక్కువ, మీ బసకూ దగ్గర. రొట్టెకో, కూర్చున్నందుకో మనిషికింత అని బిల్లులో కలుపుతారు. ఎంతన్నది మెనూలోనే ఉంటుంది, ముందే చూసుకోండి.

టైబర్‌గట్టు
నీళ్లు కొనవద్దు. వీధుల్లో రెండు వేలకు పైగా నాసోనే పంపులు ఉన్నాయి, 1874 నుంచి పెట్టిన ఇనుప స్తంభాలు. నీళ్లు చల్లగా, తియ్యగా ఉంటాయి. ముక్కులాంటి గొట్టం కొసను వేలితో మూస్తే పైనున్న రంధ్రం నుంచి ధార పైకి లేస్తుంది, వంగకుండా తాగవచ్చు. స్టేషన్ పక్కన ఎస్క్విలినో బజారు ఉదయం పూట తెరిచి ఉంటుంది. బంగ్లాదేశ్‌వాళ్ల కొట్లు చాలా ఉన్నాయి, పళ్లు చవక, పచ్చిమిరపకాయలు కూడా దొరుకుతాయి.

మేడిచెట్టు
లెక్క వేద్దాం. తలా మూడు బస్సు టికెట్లు 9, పాంథియన్ 10, పొద్దున 6, మధ్యాహ్నం 12. మొత్తం 37. రాత్రి కూర్చుని తింటే ఇంకో 25, మొత్తం 62. కొలోసియం కలిపితే 98. రాత్రి భోజనం మాని కొట్లో రొట్టె, టమాటాలు, పళ్లు 10 యూరోలకు కొనుక్కున్నా 83. పగలంతా తిరిగిన పెద్దావిడకు రాత్రికి వేడి భోజనం లేకుండా చేయడం నాకు నచ్చదు.

పాంథియన్ మాత్రం వదలవద్దు. 2023 జులై నుంచి 5 యూరోల టికెట్ పెట్టారు, అంతకు ముందు ఉచితం. గుమ్మటం వ్యాసం 43 మీటర్లకు పైనే, నేల నుంచి ఎత్తూ అంతే. ఇనుము లేని కాంక్రీటు, దాదాపు 1900 ఏళ్లుగా నిలిచి ఉంది. పైకి పోయేకొద్దీ పలచగా, తేలికైన రాయి కలిపి పోశారు, నడినెత్తిన పెద్ద రంధ్రం వదిలేశారు. వాన వస్తే లోపల పడుతుంది, నేలలో నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలు ఉన్నాయి. బల్ల మీద కాసేపు కూర్చుంటే ఎండ గుండ్రంగా గోడ మీద జరగడం కనిపిస్తుంది.

దానికి కొన్ని నిమిషాల నడకలో సాన్ లూయిజీ దెయి ఫ్రాంచేజీ చర్చి. పాతకాలపు చిత్రకారుడు కరవాజ్జో ఆ చర్చి కోసమే గీసిన మూడు పెద్ద చిత్రాలు, అక్కడే ఉచితంగా చూడవచ్చు. మధ్యాహ్నం కొంతసేపు మూసేస్తారు, సమయం చూసుకుని వెళ్లండి.

కోటగుమ్మం
లెక్క చూశాక నేనూ మీ మాటే అంటాను. అయితే సూర్యాస్తమయానికి సెయింట్ పీటర్స్ నుంచి బయటికి వచ్చి సెయింట్ ఏంజెలో వంతెన మీద నిలబడండి. స్పానిష్ మెట్ల వైపు వెళ్తే అమ్మగారిని వాటి మీద కూర్చోనివ్వకండి. 2019 నుంచి జరిమానా వేస్తున్నారు.

వలసపిట్ట
అందరికీ కృతజ్ఞతలు. అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. కొలోసియం బయటి నుంచి చాలంది, మిగిలే 18 యూరోలు పళ్లకు, జెలాటోకు (ఇటలీ ఐస్‌క్రీం). జెలాటోలో గుడ్డు ఉంటుందా? చీరతో సెయింట్ పీటర్స్‌లోకి రానిస్తారా?

పెసరట్టు
పాలు కలిపిన రకాల్లో గుడ్డు ఉండవచ్చు, అడగాలి. పళ్ల సోర్బెట్టో నీళ్లతో చేసేది, అది తీసుకోండి. చీరకు ఏ అడ్డూ లేదు. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి, అంతే. పైట రెండు భుజాల మీదా కప్పుకుంటే సరిపోతుంది. మీరు మాత్రం పొట్టి నిక్కరుతో వెళ్లకండి, తనిఖీ దగ్గరే ఆపేస్తారు. దారులన్నీ నల్లటి చిన్న రాళ్లు పరిచినవి. అమ్మగారికి చెప్పులు కాకుండా మెత్తటి అడుగున్న బూట్లు కొనిపెట్టండి.