పెద్ద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎంత వేగంగా ఖాళీ అవుతాయి? (స్పాట్ వెల్డర్ గురించి)

ప్రశ్న:

ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ ప్యాక్‌ను విప్పి కొత్త 18650 రకం లిథియం-అయాన్ సెల్‌లతో తిరిగి కట్టుకుంటున్నాను. 0.15 మిల్లీమీటర్ల మందం గల నికెల్ పట్టీలను అతికించడానికి ఇంట్లోనే ఒక స్పాట్ వెల్డర్ (క్షణకాలపు భారీ కరెంటుతో లోహాన్ని చుక్కలుగా అతికించే సాధనం) తయారు చేశాను. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న 25 వోల్టుల, 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు పదింటిని సమాంతరంగా కలిపి 20 వోల్టుల వరకు చార్జ్ చేస్తున్నాను. అంటే మొత్తం 0.1 ఫారడ్, 20 జౌళ్ల శక్తి. మీటరుతో చూస్తే ఒక్కొక్క కెపాసిటర్ అంతర్నిరోధం (ఈఎస్‌ఆర్) సుమారు 30 మిల్లీఓమ్‌లు ఉంది. స్విచ్‌గా నాలుగు మాస్‌ఫెట్‌లు (ఒక రకం ట్రాన్సిస్టర్లు) పెట్టాను. రాగి మొనల వరకు 4 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరింగ్ తీగ, రానూ పోనూ కలిపి 2 మీటర్లు వాడాను.

మీట నొక్కగానే చిటుక్కుమంటోంది, చుక్క కూడా పడుతోంది. అయినా గోటితో లాగితేనే పట్టీ ఊడి వస్తోంది. డేటాషీట్‌లో రిపుల్ కరెంట్ 4 ఆంపియర్లని మాత్రమే ఉంది. ఈ కెపాసిటర్లు ఇంతకంటే వేగంగా ఖాళీ కాలేవా? మరో పది కలిపితే ప్రయోజనం ఉంటుందా?

జవాబు 1:

కెపాసిటర్లు కొనడం ఆపి ముందు తీగ మార్చండి. ఖాళీ అయ్యే వేగాన్ని కెపాసిటర్ ఒక్కటే నిర్ణయించదు. కరెంటు తిరిగి వచ్చే మార్గం మొత్తంలో ఉన్న నిరోధం, ఇండక్టెన్స్ (కరెంటులో మార్పును అడ్డుకునే గుణం) కలిసి నిర్ణయిస్తాయి. మీ లెక్కే తీసుకుందాం. పది కెపాసిటర్లు సమాంతరంగా ఉన్నాయి కాబట్టి వాటి అంతర్నిరోధం 3 మిల్లీఓమ్‌లు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 4.3 మిల్లీఓమ్‌లు, అంటే మీ 2 మీటర్లకు 8.6. మాస్‌ఫెట్‌లకు ఒక అర, మొనల దగ్గర నికెల్‌కూ అతుకుకూ కలిపి 2 అనుకుంటే మొత్తం 14 మిల్లీఓమ్‌లు అవుతుంది. దీన్ని 0.1 ఫారడ్‌తో గుణిస్తే టైమ్ కాన్‌స్టెంట్ (ఖాళీ అయ్యే వేగాన్ని సూచించే కాలం) 1.4 మిల్లీసెకన్లు. కరెంటు 20 వోల్టులను 14 మిల్లీఓమ్‌లతో భాగిస్తే వచ్చే 1,430 ఆంపియర్లకు చేరుకోదు. 2 మీటర్ల చుట్టుకు ఉండే ఒకటిన్నర మైక్రోహెన్రీల ఇండక్టెన్స్ వల్ల 1,200 దగ్గరే ఆగిపోతుంది.

అసలు నష్టం మరొకటి. శక్తి నిరోధాల నిష్పత్తిలోనే పంచుకోబడుతుంది కనుక, 20 జౌళ్లలో అతుకు దగ్గరికి చేరేది ఏడో వంతు, అంటే మూడు జౌళ్ల లోపే. పన్నెండు జౌళ్లకు పైగా తీగనే వెచ్చబెడుతున్నాయి. అదే 25 చదరపు మిల్లీమీటర్ల వెల్డింగ్ కేబుల్‌ను మొత్తం 80 సెంటీమీటర్లకు కుదిస్తే తీగ నిరోధం 0.55 మిల్లీఓమ్‌లకు పడిపోతుంది. మొత్తం నిరోధం 6, టైమ్ కాన్‌స్టెంట్ 0.6 మిల్లీసెకన్లు, శిఖర కరెంటు దాదాపు 2,700 ఆంపియర్లు, అతుక్కి చేరే శక్తి ఆరు జౌళ్ల పైమాటే. పైసా ఖర్చు లేకుండా అని అనను, ఆ కేబుల్ ధర చూస్తే మనసు చివుక్కుమంటుంది. అయినా మరో పది కెపాసిటర్ల కంటే మేలు.

రిపుల్ కరెంట్ అంకె గంటల తరబడి నిరంతరాయంగా ప్రవహించే కరెంటుకు, దాని వల్ల పుట్టే వేడికి సంబంధించినది. ఒక్క పల్స్‌లో (అంటే మీట ఒకసారి నొక్కినప్పుడు) కెపాసిటర్ల లోపల మిగిలే పది జౌళ్ల వేడి మూడు వందల గ్రాముల సామగ్రిని డిగ్రీలో నూరో వంతుల్లో మాత్రమే వేడెక్కిస్తుంది. వేల పల్స్‌ల తర్వాత వచ్చే అరుగుదల వేరు. సాధారణ కెపాసిటర్‌ను పదే పదే వేగంగా ఖాళీ చేస్తే రుణధ్రువపు రేకు మీద కూడా ఆక్సైడ్ పొర ఏర్పడి కెపాసిటెన్స్ తగ్గుతుంది, లోపల వాయువు పుడుతుంది. కెమెరా ఫ్లాష్ కెపాసిటర్లను ప్రత్యేకంగా తయారు చేసేది ఇందుకే.

జవాబు 2:

పై లెక్కతో ఏకీభవిస్తాను, కానీ కేబుల్ మార్చిన రోజే మాస్‌ఫెట్‌లు పోయే ప్రమాదం ఉందని కూడా చెప్పాలి. 2,700 ఆంపియర్లను నాలుగే మోస్తే ఒక్కొక్క దానికి దాదాపు 675 ఆంపియర్లు పడతాయి. డేటాషీట్‌లో పల్స్ కరెంట్ పరిమితి చూసుకోండి, నేనైతే ఎనిమిది పెడతాను. అంతకంటే ముఖ్యంగా, పల్స్‌ను మధ్యలో కత్తిరించకండి. కేబుల్‌లో అర మైక్రోహెన్రీ ఉండి 2,000 ఆంపియర్లు పారుతున్నప్పుడు స్విచ్ ఆఫ్ చేస్తే ఒక జౌల్ శక్తి మాస్‌ఫెట్ మీదికే వస్తుంది. కేబుల్ చివరల మధ్య, మాస్‌ఫెట్‌లకు ఆనుకుని, ఒక బలమైన డయోడ్ పెట్టండి, లేదా కెపాసిటర్లు పూర్తిగా ఖాళీ అయ్యేవరకు మాస్‌ఫెట్‌లను ఆన్‌లోనే ఉంచండి.

కరెంటు నిజంగా ఎంత వచ్చిందో చూడాలంటే షంట్ (కరెంటు కొలవడానికి వాడే అతి తక్కువ నిరోధం) కొననక్కరలేదు. 25 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌లో 10 సెంటీమీటర్ల ముక్కకు 0.07 మిల్లీఓమ్‌లు ఉంటాయి కాబట్టి, దాని రెండు చివరల మధ్య ఆసిలోస్కోప్‌లో 0.19 వోల్టు కనిపిస్తే 2,700 ఆంపియర్లన్నమాట. ప్రోబ్ తీగలను కేబుల్‌కు అంటిపెట్టి మెలివేయాలి, లేకపోతే అయస్కాంత క్షేత్రం వల్ల పుట్టిన వోల్టేజీనే కరెంటు అనుకుంటారు. ఆ పొరపాటు నేను చేశాను.

జవాబు 3:

మీది 20 వోల్టులు కనుక ఒంటికి తగిలినా షాక్ భయం లేదు, ఉంగరాలు మాత్రం తీసి పెట్టుకోండి. ఇదే ధైర్యంతో పాత యూపీఎస్‌లలోని 400 వోల్టుల కెపాసిటర్లను ముట్టుకునేవారిని చూసి ఇది రాస్తున్నాను. 1,000 మైక్రోఫారడ్లు, 400 వోల్టులంటే 80 జౌళ్లు. ప్రాణం తీయడానికి అవి చాలు. వాటిని స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకూడదు. 47 కిలోఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్‌ను శాశ్వతంగా అడ్డంగా కలిపితే 50 వోల్టుల దిగువకు రావడానికి సుమారు 98 సెకన్లు పడుతుంది. ఖాళీ అయిందని వదిలేసినా, లోపలి డైఎలక్ట్రిక్ (విద్యుత్తును పారనివ్వని పొర) పట్టి ఉంచుకున్న చార్జ్ వల్ల కాసేపటికి మొదటి వోల్టేజీలో పదో వంతు వరకు తిరిగి లేవవచ్చు. అందువల్ల పక్కన పెట్టేటప్పుడు రెండు టెర్మినల్స్‌నూ తీగతో కలిపి ఉంచడం నా అలవాటు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. కేబుల్ మార్చాను, మాస్‌ఫెట్‌లు ఎనిమిది చేశాను, డయోడ్ కూడా పెట్టాను. ఆసిలోస్కోప్‌లో 0.16 వోల్టు వచ్చింది, అంటే సుమారు 2,300 ఆంపియర్లు. మొనల దగ్గర నిరోధం మనం అనుకున్న 2 మిల్లీఓమ్‌ల కంటే కొంచెం ఎక్కువ ఉన్నట్టుంది. ఇప్పుడు పటకారుతో లాగితే పట్టీ చిరుగుతోంది, చుక్కలు మాత్రం సెల్ మీదే మిగిలిపోతున్నాయి.