'పీక్ కాలింగ్'లోని 'కాల్'కు తెలుగులో ఏ మాట?

మిత్రులారా,

ఎపిజెనెటిక్స్ (డీఎన్ఏ అక్షరాలు మారకుండానే జన్యువుల పనితీరు మారడాన్ని చదివే శాస్త్రం) సాఫ్ట్‌వేర్లలో అడుగడుగునా ఎదురయ్యే 'మిథైలేషన్ కాల్' (డీఎన్ఏలో ఒక చోట మిథైల్ అనే రసాయన గుంపు అతికి ఉందో లేదో డేటాను బట్టి చెప్పడం), 'పీక్ కాలింగ్' (డేటా గుట్టగా పోగుపడిన చోట్లను, అంటే శిఖరాలను, గుర్తించడం) అనే మాటలను తెలుగులో ఎలా చెప్పాలన్నది మన ముందున్న ప్రశ్న. 'పిలుపు' నప్పదన్నది స్పష్టమే. నా అభ్యంతరమల్లా ఎక్కువమంది మొగ్గు చూపుతున్న 'నిర్ధారణ' మీదే.

డీఎన్ఏతో బైసల్ఫైట్ అనే రసాయనం చర్య జరిపించినప్పుడు మిథైల్ లేని సైటోసిన్ (డీఎన్ఏలోని 'సి' అక్షరం) యురాసిల్‌గా మారి, సీక్వెన్సింగ్‌లో, అంటే డీఎన్ఏ అక్షరాలను చదివేటప్పుడు, 'టి' అక్షరంగా వస్తుంది; మిథైల్ ఉన్నది 'సి'గానే నిలుస్తుంది. బిస్మార్క్ వంటి ప్రోగ్రామ్ అలా చదివిన డీఎన్ఏ ముక్కలను, అంటే రీడ్‌లను, ప్రామాణిక జన్యుక్రమంతో పోల్చి చూస్తుంది. ఒక స్థానం మీద 10 రీడ్‌లు పడి, వాటిలో 8 'సి' అనీ, 2 'టి' అనీ వస్తే అక్కడ మిథైలేషన్ 80 శాతమని లెక్క తేలుతుంది. కానీ ఆ మనిషి జన్యుక్రమంలోనే, తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన ప్రతిలో, ఆ చోట పుట్టుకతో 'టి' ఉండి ఉండవచ్చు; అప్పుడు ఆ 'టి'లు మిథైల్ లేనందువల్లే వచ్చాయని చెప్పలేం. పైగా సైటోసిన్‌కే మరో రసాయన రూపమైన హైడ్రాక్సీమిథైల్ సైటోసిన్ కూడా 'సి'గానే మిగులుతుంది కాబట్టి, దాన్నీ మిథైల్ సైటోసిన్‌నూ ఈ పద్ధతి విడదీయలేదు. ఇంత సందేహానికి చోటున్న ఫలితాన్ని, వ్యాధి నిర్ధారణ అన్నంత గట్టిగా, 'నిర్ధారణ' అనడం పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

శిఖరాల సంగతీ అంతే. 2008లో వెలువడిన మ్యాక్స్ ప్రోగ్రామ్, చిప్-సీక్ (ఒక ప్రోటీన్ డీఎన్ఏ మీద ఎక్కడెక్కడ అతుక్కుందో చూసే పద్ధతి) రీడ్‌లు గుట్టగా పడిన చోట్లను కంట్రోల్ నమూనాతో పోల్చి, పాయిజాన్ విభాజనం అనే గణాంక పద్ధతి ఆధారంగా ఏవి శిఖరాలో ఎంచుతుంది. మనం పెట్టే క్యూ విలువ (ఎంచిన శిఖరాల్లో తప్పుడువి ఎంత వాటా ఉండవచ్చన్న అంచనా) హద్దును 0.05 నుంచి 0.01కి బిగిస్తే, అవే రీడ్‌ల నుంచి తక్కువ శిఖరాలు వస్తాయి.

అందుకే నా ఓటు 'తేల్చడం' అనే మాటకు. ఉన్న ఆధారాలను బట్టి ఏదో ఒకటి చెప్పడమనే అర్థం అందులో ఉంది, సంస్కృత సమాసం అవసరమూ లేదు. 'శిఖరాలను తేల్చడం', 'తేలిన శిఖరాలు' అంటే వాక్యంలో సాఫీగా ఒదుగుతాయి. ఇలాంటి ప్రయోగాల డేటాను అందరికీ అందించే ఎన్‌కోడ్ డేటాబేస్ ముడి రీడ్‌లనూ, తేలిన శిఖరాలనూ వేర్వేరు ఫైళ్లుగా ఉంచుతుంది కనుక, మరొకరు తమ హద్దులతో వాటిని మళ్ళీ తేల్చుకోవచ్చు. 'మళ్ళీ నిర్ధారించుకోవచ్చు' అంటే మొదటి ఫలితాన్నే ఖాయం చేసుకోవడమన్న అర్థం వస్తుంది.