అప్‌డేట్: మా పాప పాలపన్ను మీద నల్ల మచ్చ

మా ఐదేళ్ల పాప దవడ పన్ను మీద నల్ల మచ్చ ఉంది, ఎలాగూ ఊడిపోయే పాలపన్నే కదా, వదిలేయొచ్చా అని అడిగాను. కూకట్‌పల్లిలో మా ఇంటి దగ్గర డెంటిస్టుకి చూపించాం. వదలొద్దన్నారు. దవడ పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలట. ముందే పోతే పక్క పళ్లు జరిగి, కొత్తవాటికి చోటు చాలదు. చిన్న ఫిల్లింగ్‌తో సరిపోయింది.

అసలు పుచ్చు నల్లగా మొదలవదట. పాప పై పంటి మీద, చిగురు అంచున సుద్ద రాసినట్టున్న తెల్ల మచ్చను డాక్టరుగారు అద్దంలో చూపించారు. నోట్లోని బ్యాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది, ఆ ఆమ్లం ఎనామిల్‌లోని (పంటి పై గట్టి పొర) ఖనిజాలను కరిగిస్తుంది. ఈ దశలో ఫ్లోరైడ్‌తో మళ్లీ గట్టిపడొచ్చు. గుంట పడ్డాక మాత్రం ఫిల్లింగే.

ఎంత తీపి తిన్నారన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యం. మా అత్తయ్యగారేమో సాయంత్రమంతా ఒక్కో ఉస్మానియా బిస్కెట్ చేతిలో పెడుతుంటారు (ఆవిడకి చెప్పే పని మా ఆయనకి వదిలేశాను).

ఇప్పుడు 1000 పీపీఎం ఫ్లోరైడ్ పేస్టు బఠాణీ గింజంత వేసి, రాత్రిపూట నేనే తోముతున్నాను. ఉమ్మేశాక నీళ్లతో పుక్కిలించొద్దన్నారు, రోజూ దానికే పేచీ.