స్కైలాబ్ రాత్రి నుంచి సిందేవాహి వలయం దాకా: సరిహద్దు జిల్లాల జ్ఞాపకాలు (చర్చ)

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

1979 జులై 11న అమెరికా వారి అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ భూమి మీద పడినప్పుడు నేను పర్లాకిమిడిలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. అప్పటికి గజపతి జిల్లా ఏర్పడలేదు, మాది ఒడిశాలోని గంజాం జిల్లా. ఆ రోజుల గురించి ఆంధ్ర, తెలంగాణ జిల్లాల వారు రాసినవి చాలానే కనిపిస్తాయి గాని, రెండు భాషల నడుమ బతికే మన వంటి వారు అప్పుడు ఏమి విన్నారో, అందులో ఏమి నమ్మారో రాసినవి నా కంట పడలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. స్వయంగా చూసినదానిని, ఇతరుల నోట విన్నదానిని వేరువేరుగా రాయవలసిందిగా మనవి.

మా ఇంట్లో విశాఖపట్నం కేంద్రం నుంచి తెలుగు వార్తలు, కటకం నుంచి ఒడియా వార్తలు రెండూ వినేవాళ్లం. వార్తల్లో చెప్పినది రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే: అది పడుతుంది, ఎక్కడ పడేదీ ముందుగా చెప్పలేరు. అయితే రేడియో కట్టేసిన తరువాత అసలు వార్తలు మొదలయ్యేవి. పాతపట్నం వైపు నుంచి బట్టల మూటలతో వచ్చేవారు అది బంగాళాఖాతంలో పడి ఉప్పెన తెస్తుందని చెప్పేవారు. కొండ వైపు నుంచి సంతకు దిగి వచ్చినవారు మహేంద్రగిరి శిఖరం మీదే పడుతుందని అనేవారు. సరిహద్దున ఉన్న పాపానికి రెండు పుకార్లూ మాకే చేరాయి. రథయాత్ర ముగిసి వారం కావస్తున్న రోజులవి. బంధువులు ఇంకా ఇళ్లలోనే ఉండడంతో, పోయేదేదో అందరం కలిసే పోదామని మా వీధిలో రెండిళ్ల వారు మేకను కోసి విందు చేసుకున్నారు. ఇది నేను చూసినది, తిన్నది కూడా. రేపో మాపో లోకమే ఉండదని ఊరంతా అనుకుంటున్నా, మా వీధి షావుకారు మాత్రం వడ్డీ లెక్క ఆపలేదు. ఆయనకు భవిష్యత్తు మీద ఉన్న నమ్మకం మరెవరిలోనూ నేను చూడలేదు.

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ):

మహేంద్రతనయ గారికి నమస్కారం. మాది మహారాష్ట్రలోని సిరోంచ. అప్పట్లో గడ్చిరోలి జిల్లా లేదు, మేము చంద్రపూర్ జిల్లా కిందే ఉండేవాళ్లం. నాకప్పుడు ఆరేళ్లు కాబట్టి నేను రాసేది చాలావరకు మా నాయనమ్మ చెప్పినది.

మాకు హైదరాబాద్ తెలుగు వార్తలు, నాగపూర్ మరాఠీ వార్తలు రెండూ అందేవి. పత్రిక మాత్రం గోదావరి దాటి పడవ మీద రావాలి. జులైలో నదికి నీరు పెరిగితే పడవ ఆగేది, పడవతోపాటు పత్రికా ఆగేది. ఆ వారం చావైనా బతుకైనా స్వామి సన్నిధిలోనే అని కొన్ని కుటుంబాలు అవతలి ఒడ్డున ఉన్న కాళేశ్వరానికి వెళ్లిపోయాయి. పడవవాడు వెళ్లేటప్పుడే రాకకు కూడా డబ్బు అడిగితే, తిరిగి వస్తామో రామో అంటూ ఒక పెద్దాయన ఇవ్వలేదట. నాలుగో రోజున ఆయన ఇవతలికి రావడానికి రెట్టింపు ఇచ్చాడని చెప్పి మా నాయనమ్మ చాలాకాలం నవ్వుకునేది.

ఆమె పెద్దగా భయపడలేదు. 1962 ఫిబ్రవరిలో మకరరాశిలో అష్టగ్రహ కూటమి ఏర్పడినప్పుడు లోకం మునిగిపోతుందని దేశమంతా హోమాలు చేసిన సంగతి ఆమెకు గుర్తుంది. ఒకసారి చూసినదాన్నే మళ్లీ చూస్తున్నట్టు ఉందని అన్నదట.

అయితే ఒక సందేహం నన్ను ఇప్పటికీ వదలలేదు. అంత పెద్ద కేంద్రాన్ని పైకి పంపగలిగినవారు దానిని దించే ఏర్పాటు ఎందుకు చేసుకోలేదు?

బరంపురం మాస్టారు:

కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవాడిని కనుక ఈ ప్రశ్నకు జవాబు రాయడం నా వంతు అనుకుంటున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

స్కైలాబ్‌ను 1973 మే 14న సాటర్న్-5 రాకెట్‌తో పంపారు. బరువు సుమారు 77 టన్నులు. మూడు బృందాలు అందులో వరుసగా 28, 59, 84 రోజులు నివసించాయి. చివరి బృందం 1974 ఫిబ్రవరిలో దిగివచ్చిన తరువాత అది ఖాళీగానే తిరిగింది. 1980 దశకం మొదటి సంవత్సరాల దాకా అది పైనే ఉంటుందని, ఈలోగా కొత్తగా తయారయ్యే స్పేస్ షటిల్ వెళ్లి దానికొక చిన్న రాకెట్‌ను తగిలించి పైకక్ష్యకు నెడుతుందని నాసా లెక్క. ఆ లెక్క రెండు వైపులా తప్పింది. షటిల్ ఆలస్యమై 1981 ఏప్రిల్ దాకా ఎగరనే లేదు. ఇటు సూర్యుడు అనుకున్నదానికంటే ఉద్ధృతంగా మారాడు.

సూర్యుడిలో సుమారు 11 ఏళ్ల చక్రం ఒకటి ఉంది. ఆ చక్రం ఉచ్చస్థాయికి చేరినప్పుడు అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు ఎక్కువగా వెలువడి భూమి పైపొరల్లోని వాయువును వేడెక్కిస్తాయి. వేడెక్కిన వాయువు వ్యాకోచించి పైకి ఉబుకుతుంది. 400 కి.మీ. ఎత్తున కూడా, దాదాపు ఏమీ లేదనుకున్న చోట, ఉపగ్రహానికి తగిలే అణువుల సంఖ్య పెరుగుతుంది. ఆ కొద్దిపాటి రాపిడే నెలల తరబడి పనిచేసి స్కైలాబ్‌ను కిందికి లాగింది. ఇది పాతకాలపు సంగతి కాదు. 2022 ఫిబ్రవరిలో ఒకేసారి పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 పోయింది సౌర తుఫాను వల్ల దట్టమైన వాతావరణంలో చిక్కుకునే.

ఇక ఎక్కడ పడేదీ ఎందుకు చెప్పలేకపోయారంటే, అది సెకనుకు దాదాపు 7.8 కి.మీ. వేగంతో తిరుగుతూ గంటన్నరకొకసారి భూమిని చుట్టి వస్తుంది. పడే సమయంలో ఒక్క నిమిషం తేడా వస్తే పడే చోటు 450 కి.మీ.కు పైగా జరుగుతుంది. మహేంద్రతనయ గారి ఊరికీ ప్రాణహిత ఒడ్డు గారి ఊరికీ నడుమ గగనమార్గాన ఉన్న దూరం ఇంచుమించు అంతే. ముందు రోజున అంచనాలో ఉన్న అనిశ్చితి నిమిషాలలో కాదు, గంటలలో. అంటే ఆ చుట్టులోనా, తరువాతి చుట్టులోనా అన్నదే తేలని స్థితి.

చివరి రోజున నాసా ఇంజనీర్లు దానిని దొర్లేలా చేసి, గాలి రాపిడిని మార్చి, కేప్‌టౌన్‌కు ఆగ్నేయంగా సుమారు 1300 కి.మీ. దూరాన సముద్రంలో పడేలా ప్రయత్నించారు. అనుకున్నదానికంటే ఆలస్యంగా ముక్కలైనందువల్ల శకలాలు కొన్ని హిందూ మహాసముద్రం దాటి పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పరెన్స్ పరిసరాల్లో పడ్డాయి. మన గడియారంలో అప్పుడు రాత్రి పది దాటి కొద్ది నిమిషాలు. మనవాళ్లు తెల్లవార్లూ మేలుకున్నారు గాని, ఆ జాగరణలో సింహభాగం పని అయిపోయిన తరువాతిదే.

రాయగడ రైలుబండి:

మాస్టారు, 152లో ఒక వంతు ప్రమాదం ఉందని నాసా చెప్పినట్టు ఎక్కడో చదివాను. అది చిన్న సంఖ్య కాదు కదా? మరి మన పెద్దల భయాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం న్యాయమా?

మా మేనత్త కొడుకు ఆ నెలలోనే పుట్టాడు. బడిలో రాయించిన పేరు వేరు, ఇంట్లో ఈనాటికీ స్కైలాబే. మనవలు పుట్టినా ఆ పేరు పోలేదు.

బరంపురం మాస్టారు:

152లో ఒకటి అన్నది భూమి మీద ఉన్న మనుషులందరిలో ఎవరో ఒకరికి దెబ్బ తగిలే అవకాశం. ఫలానా వ్యక్తికే తగిలే అవకాశం కావాలంటే దానిని ప్రపంచ జనాభాతో భాగించాలి. జనాభాను 400 కోట్లుగా తీసుకుంటే 152ను 400 కోట్లతో హెచ్చించగా 60,800 కోట్లు వస్తుంది. నాసా చెప్పిన రెండో సంఖ్య 60,000 కోట్లలో ఒక వంతు, ఈ లెక్క నుంచి వచ్చినదే. మన దాకా రెండు సంఖ్యలూ రాలేదు. పడుతుందన్న మాట వచ్చింది, లెక్క రాలేదు. అందువల్ల మన పెద్దలను నేను మూఢులనను.

మరో సంగతి. స్కైలాబ్ కక్ష్య భూమధ్యరేఖకు 50 డిగ్రీల వాలులో ఉండేది. అటువంటి కక్ష్యలో తిరిగేది ఉత్తర, దక్షిణాల 50 డిగ్రీల అక్షాంశాల దగ్గర ఎక్కువసేపు గడుపుతుంది, మన 18, 19 డిగ్రీల అక్షాంశాలను త్వరగా దాటిపోతుంది. అంటే మనకంటే ఐరోపా వారికే ముప్పు కాస్త ఎక్కువ.

ఇక భయానికి ఆధారం లేకపోలేదు. 1978 జనవరి 24న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-954 కెనడాలో పడి, అందులోని అణు రియాక్టర్ శకలాలు మంచు మీద చెల్లాచెదరయ్యాయి. స్కైలాబ్‌లో రియాక్టర్ లేదు, అది సౌరఫలకాలతో నడిచేది. ఈ ఒక్క వాక్యం అప్పుడు గ్రామాలకు చేరి ఉంటే సగం గుండెలు కుదుటపడేవి.

బల్లార్షా వాసి:

ఇంతసేపూ పడనిదాని గురించి మాట్లాడుకున్నాం, ఇప్పుడు పడినదాని గురించి రాస్తాను.

2022 ఏప్రిల్ 2, ఉగాది. బల్లార్‌పూర్‌లో మా తెలుగు ఇళ్లలో పచ్చడి, పక్కన మరాఠీ ఇళ్లలో గుడీ, అంటే పండుగనాడు ఇంటి ముందు నిలిపే అలంకరించిన కర్ర. సూర్యాస్తమయానికి గుడీలు దించేసిన తరువాత, రాత్రి ఎనిమిదికి కాస్త ముందు, డాబా మీద ఉన్న మా పిల్లలు కేకలు వేశారు. వెళ్లి చూస్తే ఆకాశంలో ఎర్రని, పసుపుపచ్చని వెలుగులు వరుసగా, తోకలతో, ఏ చప్పుడూ లేకుండా ఒకే దిక్కుగా సాగుతున్నాయి. ఉల్క అయితే కన్ను ఆర్పేలోగా మాయమవుతుంది. ఇవి పక్కింటివారిని పిలిచి చూపించేంతసేపు కనిపించాయి. మహారాష్ట్రలోనే కాక గుజరాత్, మధ్యప్రదేశ్‌లలోనూ చూశారు. విమానం కూలిందని ఒకరు, క్షిపణి అని ఇంకొకరు. 1979లో నోటితో నడిచిన పని ఇప్పుడు వాట్సాప్ చేసింది.

ఆ రాత్రే మా చంద్రపూర్ జిల్లాలోని సిందేవాహి తాలూకా లాడ్‌బోరీ గ్రామంలో మూడు మీటర్ల అడ్డుకొలత ఉన్న లోహపు వలయం పడింది. ఆ చుట్టుపక్కల గ్రామాల్లో తరువాత గోళాలు కూడా దొరికాయి. పని మీద అటు వెళ్లినప్పుడు నేనొక గోళాన్ని దగ్గరగా చూశాను. అడ్డుకొలత అడుగున్నర లోపే. పైన నల్లని నార పొరలు పొరలుగా, దారపు ఉండలా అడ్డదిడ్డంగా చుట్టి ఉంది. ఒక వైపు పొర కాలి లేచిపోయి కింది లోహం కనిపిస్తోంది. అంత ఎత్తు నుంచి పడినా పెద్దగా సొట్ట లేదు, అదే నాకు ఆశ్చర్యం. ఎవరికీ గాయం కాలేదు. ఇస్రో శాస్త్రజ్ఞులు వచ్చి పరిశీలించారు.

అదే రోజున న్యూజిలాండ్ నుంచి బయలుదేరిన చిన్న రాకెట్ తాలూకు భాగమేమోనని మొదట అనుమానించారు. కక్ష్యల లెక్కలు చూసేవారు తరువాత దానిని 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్-3బి రాకెట్ మూడో దశగా పోల్చారు. ఏడాదికి పైగా తిరిగి తిరిగి మా జిల్లాను ఎంచుకుంది.

బరంపురం మాస్టారు:

మీరు చూసినవి రాకెట్ ఇంధన వ్యవస్థలో అధిక పీడనంతో వాయువును నిలవ ఉంచే సీసాలు. సాధారణంగా లోపల టైటానియం, పైన కార్బన్ నార చుట్టు. టైటానియం కరగాలంటే 1600 డిగ్రీల సెల్సియస్ దాటాలి. పైగా లోపల బోలుగా ఉండి బరువు తక్కువ కావడంతో గాలి తగిలిన వెంటనే వేగం తగ్గిపోతుంది. వేగం తగ్గితే వేడీ తగ్గుతుంది. అందుకే రాకెట్ మొత్తం కాలిపోయినా ఇవి నేలకు చేరతాయి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

బల్లార్షా వాసి గారు రాసినది చదివిన తరువాత నాకు విచిత్రంగా తోచినది ఒకటుంది. 1979లో నెలల తరబడి హెచ్చరించారు, మన జిల్లాల్లో ఒక్క మేకు కూడా పడలేదు. 2022లో పడింది, కానీ లాడ్‌బోరీ వారికి ముందుగా ఒక్క మాట చెప్పినవారు లేరు. ఉపగ్రహాల దారి చేతి ఫోనులో చూసుకునే కాలంలో ఇలా జరగడం నాకు మింగుడు పడడం లేదు. పేరున్నది పడితే లోకమంతా చూస్తుంది, పేరులేని రాకెట్ ముక్కకు ఆ గౌరవం దక్కదు కాబోలు.

కోరాపుట్ కుర్రాడు:

మాస్టారు గారూ, నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. అటువంటి ముక్క మా పొలంలో పడితే అది ఎవరిది అవుతుంది? ఉంచుకోవచ్చా, అమ్ముకోవచ్చా?

బరంపురం మాస్టారు:

ఉంచుకోవడానికి వీల్లేదు, నాయనా. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం అంతరిక్షంలోకి పంపిన వస్తువు ఎక్కడ పడినా దాని మీద యాజమాన్యం మారదు. పంపిన దేశం అడిగితే తిరిగి ఇవ్వాలని 1968 నాటి మరో ఒప్పందం చెబుతుంది. నేల మీద నష్టం జరిగితే పంపిన దేశమే బాధ్యత వహించాలన్నది 1972 నాటి ఒప్పందం. కాస్మోస్-954 శకలాలను ఏరిన ఖర్చు కింద కెనడా సుమారు 60 లక్షల కెనడా డాలర్లు అడిగితే, సోవియట్ ప్రభుత్వం 1981లో 30 లక్షలు చెల్లించింది.

అయితే స్కైలాబ్ విషయంలో అమెరికా పట్టుబట్టలేదు. ఎస్పరెన్స్‌కు చెందిన 17 ఏళ్ల స్టాన్ థార్న్‌టన్ అనే కుర్రాడు తన ఇంటి దగ్గర పడిన కాలిన ముక్కలను తీసుకుని విమానమెక్కి, మొదటి శకలం తెచ్చినవారికి ఒక శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక ప్రకటించిన 10,000 డాలర్ల బహుమతి గెలుచుకున్నాడు. ఎస్పరెన్స్ స్థానిక పాలక మండలి తమ ప్రాంతంలో చెత్త పోసినందుకు అమెరికాకు 400 ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా సరదాగా రాసింది. దానిని 2009లో అమెరికాలోని ఒక రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర చందాలు పోగుచేసి కట్టాడు.

నీ పొలంలో పడితే మాత్రం ముట్టుకోవద్దు. కొన్ని ట్యాంకుల్లో హైడ్రజీన్ అనే విష ఇంధనం మిగిలి ఉండవచ్చు. గాలి వచ్చే వైపు నిలబడి, దూరం నుంచి ఫోటో తీసి, పశువులను అటు పోనివ్వకుండా చూసి, ముందు పోలీస్ స్టేషన్‌కు, తరువాత తహసీల్దారుకు కబురు పెట్టు.

కోరాపుట్ కుర్రాడు:

అలాగే మాస్టారు గారూ. బల్లార్షా వాసి గారు ఆ గోళం ఫోటో తీసి ఉంటే ఇక్కడ పెట్టగలరా? నార చుట్టిన తీరు చూడాలని ఉంది.

బల్లార్షా వాసి:

ఫోటో తీయనివ్వలేదు బాబూ. నార ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి అడ్డంగా దాటుతూ ఉంది. మూతి దగ్గర చుట్లు మరీ ఒత్తుగా ఉన్నాయి. జ్ఞాపకం ఉన్నంతవరకు బొమ్మ గీసి రేపు పెడతాను.